రైతుకిచ్చిన సాయం పేదింటి కంచం దాకా చేరిందా: ఊరి స్థాయిలో వ్యవసాయ విధాన పరిశోధన చేసే పద్ధతి

వ్యవసాయ పథకాల మీద ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఎన్ని లక్షల ఎకరాలకు ఎంత సొమ్ము ఖాతాల్లో జమ అయిందో శాఖవారి ప్రకటనల్లోనే ఉంటుంది. ఆ సొమ్ము పడ్డాక ఎన్ని ఇళ్లలో పప్పు వండుకోగలిగారు, ఎన్ని ఇళ్ల మీద మిత్తి భారం తగ్గింది అన్న సంగతి మాత్రం ఏ ప్రకటనలోనూ కనిపించదు. లబ్ధిదారుల జాబితాలో పేరు లేనివారి బతుకు గురించి ఎవరూ రాసిపెట్టరు. ఆకలి, అప్పు ఎక్కువగా ఉండేది ఆ పేరు లేని ఇళ్లలోనే కాబట్టి, పేదరికం తగ్గాలన్న ఉద్దేశంతో చేసే వ్యవసాయ విధాన పరిశోధన ఆ ఇళ్ల నుంచే మొదలు కావాలని నా నిశ్చితాభిప్రాయం.

పరిశోధక విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, జిల్లా విలేకరులు పెద్ద నిధులు లేకుండానే అనుసరించగలిగిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. తెలంగాణలో ఎకరానికి ఇంత అని ఇస్తున్న పెట్టుబడి సాయం కౌలు రైతులకూ కూలీలకూ ఏ మేరకు ఉపయోగపడింది అన్న ప్రశ్నను ఉదాహరణగా తీసుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకిచ్చే పంట సాగుదారు హక్కు పత్రాల మీదనో, ఒడిశాలో కౌలుదారులనూ భూమి లేనివారినీ కలుపుకొని 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకం మీదనో పనిచేసేవారికి కూడా ఈ దారి పనికొస్తుంది.

ప్రశ్నను చిన్నది చేసుకోవడం

ఈ పెట్టుబడి సాయం రైతుబంధు పథకం పేరుతో 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గర మొదలైంది. మొదట ఎకరానికి పంటకాలానికి 4,000 రూపాయలు ఇచ్చారు. 2019 వానాకాలం నుంచి దాన్ని 5,000 చేశారు. భూమి ఎంత ఉన్నా పరిమితి ఉండేది కాదు, పట్టాదారు పాస్‌బుక్ ఉంటే సరిపోయేది. దుక్కి దున్నేది ఎవరన్న దానితో పథకానికి పని ఉండేది కాదు.

దీని మీద పరిశోధన చేయాలనుకునేవారు సాధారణంగా ‘రైతుల జీవితాలపై రైతుబంధు ప్రభావం’ అని శీర్షిక పెట్టుకుంటారు. అంత విశాలమైన ప్రశ్నకు ఒక బృందం ఒక ఏడాదిలో సమాధానం చెప్పలేదు. ‘పథకం వచ్చిన తర్వాత మా మండలంలో మెట్ట భూముల కౌలు పెరిగిందా, పెరిగితే ఆ పెంపు కౌలుదారుల ఇంటి తిండి ఖర్చును తగ్గించిందా’ అని అడిగితే చెప్పగలం. ప్రశ్నలో సాయం ఏదో, మారవలసినది ఏదో, ఎవరి ఇంట్లో మారాలో, ఏ కాలంలో మారాలో నాలుగూ తేటగా ఉండాలి. ఏ సమాధానం వస్తే ఏ నిబంధన మార్చమని అడుగుతామో కూడా సర్వేకు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఏ సమాధానం వచ్చినా మారవలసిన నిబంధన ఏదీ తోచకపోతే ఆ ప్రశ్న వదిలేసి మరొకటి వెతుక్కోవడం మంచిది.

ఉన్న లెక్కలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఊళ్లోకి వెళ్లే ముందు అధికారిక సర్వేలు చదవాలి. జాతీయ నమూనా సర్వే 77వ విడత 2019లో వ్యవసాయ కుటుంబాల స్థితిగతులను నమోదు చేసింది. దేశం మొత్తం మీద 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి. ఈ అంకెలు మన రెండు రాష్ట్రాల పరిస్థితికి అద్దం పడతాయి. అయితే ఆ సర్వేలో వ్యవసాయ కుటుంబం అంటే ఏడాదిలో 4,000 రూపాయలకు మించిన విలువగల పంటో పాడో సొంతంగా పండించుకొని, ఇంట్లో కనీసం ఒకరు వ్యవసాయంలో స్వయం ఉపాధి పొందుతున్న కుటుంబం. పూర్తిగా కూలి మీద బతికే ఇల్లు అందులో రాదు. ప్రతి సర్వేలోనూ నిర్వచనాల పేజీని ముందు చదవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఎవరిని లెక్కలోకి తీసుకోలేదో ఆ పేజీలోనే బయటపడుతుంది.

పోషణ సంగతికి వస్తే, 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. బియ్యం గిడ్డంగులు నిండి ఉన్న రాష్ట్రాల అంకెలివి. ఇక్కడి ఆకలి చాలావరకు అన్నం లేని ఆకలి కాదు, అన్నంలోకి ఏమీ లేని ఆకలి. కాబట్టి దిగుబడి పెరిగిందా అని చూసి ఊరుకునే పరిశోధన ఈ ప్రాంతానికి సరిపోదు.

ఊరి స్థాయిలో ఓపికగా చేసిన అధ్యయనానికి మంచి నమూనా మన దగ్గరే ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లలో కుటుంబ అధ్యయనాలు మొదలుపెట్టింది. వాటిలో ఔరేపల్లి, దోకూరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. మిగిలిన నాలుగు మహారాష్ట్రవి. ఊరికి 40 ఇళ్లు: భూమి లేనివారు పది, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి. పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురముండి, ఏళ్ల తరబడి కొద్ది వారాలకొకసారి అవే ఇళ్ల లెక్కలు రాశారు. పంట పోయినా కుటుంబాల తిండి ఖర్చు ఆదాయమంతగా పడిపోదని, ఊరివాళ్లు ఒకరినొకరు ఏదో ఒక రూపంలో ఆదుకుంటారని, అయినా భూమి లేనివారికి ఆ ఆసరా అన్నిచోట్లా సమానంగా అందదని ఆ వివరాల నుంచే ఆర్థికవేత్తలు కనుగొన్నారు. ఆడపిల్లలను వానల తీరు వేరుగా ఉండే దూరపు ఊళ్లకు ఇచ్చి పెళ్లి చేయడం కూడా కరువు కాలానికి ఒక రక్షణ అని తేలింది. ఒక్కసారి వెళ్లి ఫారం నింపుకొచ్చే సర్వేకు ఇలాంటివి దొరకవు.

ఎవరి ఇంటికి వెళ్లాలి

పట్టాదారుల జాబితా తీసుకొని అందులోంచి ఇళ్లను ఎంచుకోవడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరం. ఆ జాబితా పట్టుకున్న రోజే కౌలుదారులు, కూలీలు, పేరు మీద భూమి లేని ఆడవాళ్లు పరిశోధనలోంచి జారిపోతారు. దానికి బదులు ఊళ్లో వీధి వీధీ తిరిగి, ఎస్సీ కాలనీ, తండా, ఊరి చివరి గుడిసెలతో సహా ఇంటింటి జాబితా మనమే రాసుకోవాలి. ఇంటికి మూడు ప్రశ్నలు చాలు: సొంత భూమి ఎంత, కౌలుకు చేసేది ఎంత, కూలికి వెళ్లేవారు ఎందరు. ఆ జాబితాను సొంత సేద్యం, సొంతమూ కౌలూ, కేవలం కౌలు, కేవలం కూలి, భూమి కౌలుకిచ్చి ఊళ్లోనో పట్నంలోనో ఉన్నవారు అని విడదీసి, ఒక్కో వర్గంలోంచి చీటీలు తీసి ఇళ్లను ఎంచుకోవాలి.

ఎన్ని ఇళ్లు అన్నది అందరూ అడిగే ప్రశ్న. అప్పున్న ఇళ్లు నూటికి ఎన్ని అన్నలాంటి శాతాన్ని అటూ ఇటూ ఐదు పాయింట్ల తేడాతో అంచనా కట్టాలంటే సుమారు 384 ఇళ్లు, పది పాయింట్ల తేడా చాలనుకుంటే సుమారు 96 ఇళ్లు కావాలని గణాంక శాస్త్రం చెబుతుంది. ఒకే ఊరి ఇళ్లు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక నిజానికి అంతకంటే ఎక్కువే అవసరమవుతాయి. అందుకే ఊరికి వంద ఇళ్లు చొప్పున రెండు ఊళ్లు చూడటం కన్నా, ఊరికి ఇరవై చొప్పున పది ఊళ్లు చూడటం మేలు.

కౌలు గురించి అడగడం

ఈ పనిలో అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన చోటు ఇదే. మన ప్రాంతంలో కౌలు దాదాపు అంతా నోటిమాటగా నడుస్తుంది, దానికి చరిత్ర ఉంది. తెలంగాణ ప్రాంతానికి 1950లో, ఆంధ్ర ప్రాంతానికి 1956లో వచ్చిన కౌలు చట్టాలు కౌలుదారుకు రక్షణ కల్పించాయి. కాగితం మీదికి ఎక్కితే భూమి చేజారుతుందన్న భయం భూ యజమానుల్లో అప్పటి నుంచీ ఉంది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులు ఇమ్మంది. 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం గరిష్ఠంగా పదకొండు నెలలకు హక్కు పత్రం ఇమ్మంది, కానీ దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే కౌలుదారు ఆగిపోతాడు.

కనుక యజమాని ఎదుటో, రచ్చబండ దగ్గరో, చాయ్ హోటల్లోనో కౌలు సంగతి ఎత్తకూడదు. కౌలుదారు పేరునూ సర్వే నంబరునూ ఒకే కాగితం మీద రాయకూడదు. ఇంటికి ఒక గుర్తు సంఖ్య ఇచ్చి, పేర్ల జాబితాను వేరుగా తాళం వేసి ఉంచాలి. మన ఫారం ఎవరి చేతిలోనైనా పడి, వచ్చే ఏడు ఆ కుటుంబానికి భూమి దక్కకపోతే, మన పరిశోధన ఎంత గొప్పదైనా అది ఆ ఇంటికి చేసిన కీడే. ఈ విషయం వారికి ముందే విడమరచి చెప్పి, ఇష్టం లేని ప్రశ్నకు జవాబివ్వనక్కర్లేదని తెలియజేసిన తర్వాతే మాట్లాడటం మొదలుపెట్టాలి.

‘మీరు కౌలు రైతేనా’ అని అడిగితే చాలామంది కాదంటారు. ‘ఈ వానాకాలం ఏయే చెలకలు, ఏయే పొలాలు దున్నారు’ అని అడిగి, ఒక్కో ముక్క గురించీ అది ఎవరిదో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో, పైకం ఎప్పుడిస్తారో అడగాలి. కొన్నిచోట్ల మక్త అంటారు, కొన్నిచోట్ల గుత్త అంటారు, పాలుకు చేయడం వేరే. ఆ ఊరి మాటే వాడాలి. కౌలు డబ్బుగానా, గింజగానా, ముందేనా, పంట వచ్చాకనా అన్నవి విడివిడిగా రాయాలి, ఎందుకంటే ముందే ఇచ్చే కౌలుకు తెచ్చిన అప్పు మిత్తి కూడా కౌలులో భాగమే. కొలతలు ఊరికొక తీరుగా ఉంటాయి: తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు, కొనుగోలు కేంద్రంలో గోనెకు 40 కిలోల వడ్లు పడితే, కౌలుకు చెప్పే బస్తా చాలాచోట్ల 75 కిలోలది. ‘పది బస్తాలు’ అని రాసుకొచ్చి కిలోలు రాయకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు.

అప్పు కూడా అంతే. ‘అప్పెంత’ అంటే బ్యాంకుదొక్కటే చెబుతారు. బ్యాంకు, మహిళా సంఘం, బంగారం తాకట్టు, ఆసామి, ఎరువుల దుకాణంలో ఉద్దెర అని వరుసగా ఒక్కోటి అడగాలి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఉద్దెరలో పురుగుమందు ఇచ్చిన దుకాణదారే పత్తి కొంటే, అంగడి ధరకూ అతడిచ్చిన ధరకూ ఉన్న తేడాను కూడా మిత్తి కిందే లెక్కగట్టాలి. చాలాచోట్ల కౌలుదారు పండించిన వడ్లు కొనుగోలు కేంద్రంలో యజమాని పాస్‌బుక్ మీద అమ్ముడై, డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది; అది కౌలుదారు చేతికి ఎన్నాళ్లకు వచ్చిందో, అందులో ఎంత పట్టుకున్నారో అడగడం మరవకూడదు.

కంచం లెక్క

తిండి గురించి వంట చేసేవారినే అడగాలి. ఇంటి మగవారు ఈ లెక్క చెప్పలేరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రూపొందించిన ఎనిమిది ప్రశ్నల కొలబద్ద ఉంది: డబ్బు లేక తిండి చాలదేమోనని దిగులు పడ్డారా అన్న దగ్గర మొదలై, ఒక పూట మానుకున్నారా, రోజంతా పస్తున్నారా అన్న దాకా వెళుతుంది. దానితో పాటు 15–49 ఏళ్ల మహిళ ముందు రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా తిన్నవి అడిగి, పది ఆహార వర్గాల్లో ఎన్ని తగిలాయో లెక్కించే పద్ధతి ఉంది. కనీసం ఐదు ఉండాలి.

ఉదాహరణకు నాట్లకు వెళ్లే ఒక కూలీ పొద్దున చాయ్ తాగి, పగలు రేషన్ బియ్యపు అన్నం, పుంటికూర పచ్చడి, రాత్రి అన్నం, వంకాయ కూర, నీళ్లపప్పు తిన్నదనుకుందాం. అన్నం ఒకటి, పప్పు రెండు, వంకాయ మూడు. చాయ్‌లోని చెంచాడు పాలు, నాలుకకు రాసుకునే పచ్చడిలోని ఆకుకూర 15 గ్రాములకు లోపే కనుక లెక్కలోకి రావు. ఆమె కడుపు నిండింది, కంచం నిండలేదు. పండుగ మర్నాడు, పెళ్లి మర్నాడు ఈ ప్రశ్న వేయకూడదు. పాత గింజ అయిపోయి, పెట్టుబడికి డబ్బంతా పోయి, కొత్త పంట ఇంకా రాని ఆషాఢ శ్రావణాల్లో ఒకసారి, కోతల తర్వాత ఒకసారి వెళితే ఏడాది మొత్తం కొంత అర్థమవుతుంది.

దేనితో పోల్చాలి

సాయం వచ్చాక కౌలు పెరిగింది, కాబట్టి సాయం వల్లే పెరిగింది అని రాసేయడం తొందరపాటు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. రైతుబంధు అదే ఏడు మే నెలలో వచ్చింది. బోరు కింద పొలానికి కౌలు పెరిగితే అది కరెంటు వల్లనా, సాయం వల్లనా?

ఈ చిక్కుకు మెక్సికో చూపిన దారి పేరుపొందింది. 1997లో అక్కడ పేద తల్లులకు పిల్లల చదువు, ఆరోగ్యం షరతు మీద నగదు ఇచ్చే ప్రోగ్రెసా పథకాన్ని మొదలుపెట్టినప్పుడు, పరిశీలనకు తీసుకున్న 506 ఊళ్లలో 320 ఊళ్లకు ముందుగా ఇచ్చి, 186 ఊళ్లను కొంతకాలం ఆపి ఉంచారు. ఏ ఊరు ముందు అన్నది చీటీ వేసినట్లు నిర్ణయించారు. వాషింగ్టన్‌లోని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ ఆ రెండు రకాల ఊళ్లనూ పోల్చి నివేదిక ఇచ్చింది. ప్రభుత్వాలు మారి పేర్లు మారినా పథకం చాలా ఏళ్లు నిలబడటంలో ఆ సాక్ష్యానికి భాగం ఉంది.

మనకు అలాంటి అవకాశం ఎవరూ ఇవ్వరు గనుక పోలికను మనమే వెతుక్కోవాలి. 2017లో జరిగిన భూ రికార్డుల ప్రక్షాళనలో వివాదం ఉన్న భూములను పార్ట్ బీలో పెట్టారు. వాటికి పాస్‌బుక్ రాలేదు, రైతుబంధు అందలేదు. అదే ఊళ్లో, అదే కరెంటు, అదే నేల ఉన్న పార్ట్ బీ ముక్కల కౌలు 2017 నుంచి ఎంత పెరిగిందో, పాస్‌బుక్ ఉన్న ముక్కల కౌలు ఎంత పెరిగిందో చూస్తే, ఆ రెండు పెంపుల మధ్య తేడా సాయం ప్రభావానికి దగ్గరగా ఉంటుంది. వివాదపు భూమికి మొదటి నుంచీ కౌలు తక్కువ ఉండవచ్చు కాబట్టి కౌళ్లను కాకుండా పెంపులనే పోల్చాలి.

2025 జనవరి 26న మొదలైన మార్పు మరో అవకాశం ఇచ్చింది. రైతు భరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తూ, భూమి లేని కూలీ కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12,000 ప్రకటించారు. ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పనిచేసి ఉండాలన్నది నిబంధన. మొదట మండలానికొక ఊరిలో ప్రారంభించారు. పదిహేడు, పద్దెనిమిది రోజులు చేసిన ఇల్లు, ఇరవై ఒకటి, ఇరవై రెండు రోజులు చేసిన ఇల్లు పేదరికంలో దాదాపు ఒకే తీరున ఉంటాయి. మొదటిదానికి సాయం రాదు, రెండోదానికి వస్తుంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల కంచాలను పోల్చడం మంచి పరిశోధన అవుతుంది. నిబంధనలోని ఇంకో చిక్కు కూడా అప్పుడే కనబడుతుంది: తండ్రి పంచిచ్చిన ఐదు గుంటల పట్టా ఉన్న కూలీకి రైతు భరోసాగా వచ్చేది ఏడాదికి 1,500 రూపాయలు, ఆ ఐదు గుంటలే లేకపోతే 12,000కు అర్హత ఉండేది. ఇలాంటి ఇళ్లు మండలంలో ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి చెప్పినా అది ప్రభుత్వానికి పనికొచ్చే పరిశోధనే.

ఉపాధి హామీ పనిదినాలు ఆ పథకం వెబ్‌సైట్‌లో జాబ్ కార్డుల వారీగా దొరుకుతాయి. మిగిలిన వివరాలకు సమాచార హక్కు దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సర్వేకు బయలుదేరే ముందే పెట్టడం మంచిది.

ఫలితాన్ని పని జరిగే చోటికి చేర్చడం

నూట యాభై పేజీల నివేదిక అధికారి బల్ల మీద ఉండిపోతుంది. నాలుగు పేజీల్లో మార్చవలసిన నిబంధన ఏదో, అది ఏ ఉత్తర్వులో ఉందో, మారిస్తే ఎన్ని కుటుంబాలకు ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎక్కడి నుంచి తేవచ్చో రాయాలి. ‘కౌలు రైతులను ఆదుకోవాలి’ అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. ‘యజమాని సంతకం అడగకుండా, గ్రామసభ ఎదుట ఇద్దరు పొరుగు రైతుల సాక్ష్యం మీద ఒక పంటకాలానికి సాగుదారుగా నమోదు చేయాలి, అది భూమి హక్కుకు ఆధారం కాదని అదే పత్రంలో ముద్రించాలి’ అని రాస్తే, ఒప్పుకోవడానికో కాదనడానికో ఒక మాట ఉంటుంది. నా మటుకు ఈ రెండో వాక్యమే సరైన దారి అనిపిస్తుంది, ఎందుకంటే యజమాని భయాన్నీ కౌలుదారు అవసరాన్నీ అది ఒకేసారి లెక్కలోకి తీసుకుంటుంది. సర్వేలో దీనికి విరుద్ధంగా తేలితే విరుద్ధమైనదే రాయాలి. సాయం వల్ల కౌలు పెరగలేదని తేలినా దాచకూడదు.

రాష్ట్ర బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభకు వస్తుంది, శాఖల ప్రతిపాదనలు అంతకు కొన్ని నెలల ముందే తయారవుతాయి. కాబట్టి వానాకాలం సర్వే అంచనాలనైనా దసరా తర్వాత వ్యవసాయ శాఖకూ, జిల్లా కలెక్టరుకూ, స్థానిక శాసనసభ్యునికీ అందించాలి. అంతకు ముందే ఊరికి తిరిగి వెళ్లి, ఎవరి ఇంటి సంగతీ బయటపడకుండా మొత్తం ఫలితాన్ని తెలుగులో చదివి వినిపించాలి. ‘మా ఊళ్లో కౌలు అంత లేదు’ అని ఎవరైనా అంటే అక్కడే నిలిచి సరిచూసుకోవాలి. పేర్లు తీసేసిన లెక్కల పట్టికను, వాడిన ప్రశ్నల ఫారాన్ని అడిగినవారికి ఇవ్వగలిగేలా భద్రపరచి, యాసంగి కోతలయ్యాక అవే ఇళ్లకు అదే ఫారంతో మళ్లీ వెళ్లాలి.